యెరికో పాట పాడిన సాయంత్రం

పోయిన నెల మా మేనకోడలి కూతురు పట్టుబట్టి నన్ను బోయిన్‌పల్లిలో జరిగిన యువజన కూటానికి తీసుకెళ్ళింది. కూరగాయల మార్కెట్ దాటాక ఒక పెద్ద ఫంక్షన్ హాలు. లోపల చల్లని ఏసీ, వేదిక వెనక గోడంత తెర. దాని మీద పాట మాటలు ఒక్కో పంక్తీ వెలిగి ఆరిపోతున్నాయి. గిటార్లు, కీబోర్డు, డ్రమ్ములు. పిల్లలు చక్కగా పాడారు, కాదనను. కానీ మూడో పాటకు వేదిక మీదున్న పాతికమందీ ఒక్కసారిగా ఎగరడం మొదలుపెట్టారు. వాళ్ళను చూసి కింద ఉన్నవాళ్ళంతా ఎగిరారు. నా చెప్పుల కింద నేల సన్నగా అదిరింది. అది సిమెంటు నేల, ఏమీ కాదని నాకు తెలుసు. అయినా లేచి, ఎలాగో దారి చేసుకుని బయటికి వచ్చేశాను. పిల్ల పరుగున నా వెనకే వచ్చింది. "ఏమైంది అమ్మమ్మా? సౌండ్ ఎక్కువైందా?" అంది. "అవునమ్మా, సౌండే" అన్నాను. అబద్ధం. ఈ విషయంలో నేనాడిన అబద్ధాల్లో అది మొదటిది కాదు. మొదటిదాని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను హైస్కూల్లో చదివే రోజుల్లో మేం బన్సీలాల్‌పేట్‌లో ఒక సందులో, రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్నది బాపట్ల దగ్గర పల్లె. రైల్వే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికి సికింద్రాబాద్ చేరారు. మా ఇంటికి కాస్త దూరంలో ఒక పెద్ద చెత్త గుంట ఉండేది. అది మెట్లబావి అని పెద్దవాళ్ళు చెబితే మేం నమ్మేవాళ్ళం కాదు. ఇప్పుడు దాన్ని తవ్వి, శుభ్రం చేసి, దీపాలు పెట్టారు. జనం ఫొటోలు దిగడానికి వస్తున్నారు. సాయంత్రం ఆరయ్యేసరికి నాన్న ఇంటికి వచ్చేవారు. కాళ్ళు కడుక్కుని, చొక్కా విప్పి మేకుకు తగిలించి, అమ్మ ఇచ్చిన శొంఠి కాఫీ నిలబడే తాగేవారు. ఏడింటికి ప్రార్థన. అప్పుడే ఆర్పిన కిరసనాయిలు స్టవ్ వాసన, చాప వాసన, నాన్న తన బైబిలుకు వేసుకున్న ఖాకీ అట్ట వాసన... నా చిన్నతనంలో దేవుడి దగ్గర ఈ మూడు వాసనలూ ఉండేవి. ప్రార్థనకు ముందు నాన్న మూడుసార్లు గొంతు సవరించుకునేవారు. మూడోసారి అయ్యేలోగా ఎక్కడున్నా వచ్చి చాప మీద కూర్చోవాలి. ఆయన కోప్పడే మనిషి కాదు. ఏ మాటైనా ఒక్కసారే చెప్పేవారు, విన్నామని నమ్మేవారు.

ఆ ఏడు మా వైపు సంఘాలన్నీ కలిసి మూడు రోజుల యువజన సువార్త కూటాలు పెట్టాలనుకున్నాయి. నాన్న కార్యదర్శి. పాటల బాధ్యత రత్నం మాస్టారిది. ఆయన బడిలో లెక్కలు చెప్పేవారు. బక్కపలచని మనిషి, బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. హార్మోనియం ముందు కూర్చుని కళ్ళు మూసుకున్నారంటే, ఆయన వింటున్నది మేం పాడుతున్న పాట కాదు, ఎప్పటికో పాడబోయే పాట అనిపించేది. ఆ కూటాల కోసం ఆయనే ఒక పాట కట్టారు. యెరికో పట్టణం చుట్టూ ఇశ్రాయేలీయులు ఏడు రోజులు తిరగడం, ఏడోనాడు కేకలు వేస్తే గోడలు కూలిపోవడం, అదీ పాట. "డోలక్ వద్దు, తబలా వద్దు. మీ కాళ్ళే డోలక్" అన్నారు. ఏడో చరణంలో "అడుగు వేయుము, అడుగు వేయుము, ఏడవ దినము వచ్చెను" అన్నప్పుడు ప్రతి అడుగుకీ అందరూ కుడికాలు ఒక్కసారిగా నేలకు కొట్టాలి. చర్చి వెనక హాల్లో షాబాద్ బండల మీద మొదటిసారి అలా కొట్టినప్పుడు కిటికీ రెక్కలు గడగడలాడాయి. మాస్టారు కళ్ళు తెరిచి మా అందరి వంకా భయపడినట్టు చూశారు. తర్వాత నెమ్మదిగా నవ్వారు.

ఇంటికొచ్చి అమ్మకు పాడి వినిపించాను. అమ్మ బియ్యం చెరుగుతోంది. చేట ఆపి, "కూలిపోయే పాట ఎందుకే? మాస్టారికి మంచి పాటేదీ దొరకలేదా?" అంది.

"కూలేది శత్రువుల గోడలమ్మా."

"ఎవరివైతేనేం. కూలేటప్పుడు కింద ఎవరో ఒకరుంటారు" అని మళ్ళీ చెరగడంలో పడింది.

నా దస్తూరి బాగుంటుందని మాస్టారు హాజరు పుస్తకం నాకిచ్చారు. మొదటి వారం ఎనభై పేర్లు. ఆ తర్వాత వారం వారం పెరుగుతూ పోయాయి. లాలాగూడ నుంచి, మారేడ్‌పల్లి నుంచి, బోయిన్‌పల్లి నుంచి పిల్లలు గుంపులుగా వచ్చేవారు. అయిదో వారంలో వచ్చింది వినోదిని. వాళ్ళమ్మ ఒక బళ్ళో ఆయా. రెండు బస్సులు మారి వచ్చేది. గొంతు చాలా కింద ఉండేది, హార్మోనియంలో అన్నిటికన్నా ఎడమవైపు మెట్టు నొక్కినట్టు. రెండు రోజుల్లో మేం ఒకే జామపండు కొరుక్కునేంత స్నేహితులమయ్యాం. పాడే ఆడపిల్లలందరికీ తెల్ల ఓణీ ఉండాలన్నారు. వినోదిని వాళ్ళమ్మ తన పెళ్ళినాటి తెల్లచీర చించి కూతురికి ఓణీ కుట్టించింది. "మా అమ్మ ఏడ్చుకుంటూ చించిందే ప్రమీలా. కానీ సంతోషంగానే చించింది" అని వినోదిని ఆ ఓణీని నా చేతిలో పెట్టి చూపించింది. ఇంకా కలరా ఉండల వాసన పోలేదు.

పాడేవాళ్ళు నిలబడే మెట్ల వేదికను మేం గ్యాలరీ అనేవాళ్ళం. అది కట్టే పని మల్లయ్య మేస్త్రికి అప్పగించారు. మల్లయ్య మా వెనక సందులో ఉండే కట్టెపని మేస్త్రి. మా ఇంటి తలుపులు, చర్చి బెంచీలు ఆయన చేసినవే. మా సందు పిల్లలమంతా ఆయన్ని మామా అని పిలిచేవాళ్ళం. ఒక ఆదివారం మధ్యాహ్నం మా పెరట్లో చెక్కలు దింపి, చెమట తుడుచుకుంటూ నాన్నతో మాట్లాడుతుంటే నేను మంచినీళ్ళు తీసుకెళ్ళాను.

"సార్, గ్యాలరీ నూటిరవై మందికి కడుతున్న. ఏడు మెట్లు. నిలవడి పాడేతందుకు. ఎగిరేతందుకు గాదు, జెర యాదివెట్టుకోండ్రి."

నాన్న నవ్వారు. "ఎగరరు మేస్త్రీ. కీర్తనలు పాడతారు." తర్వాత నా వైపు తిరిగి, "అమ్మాయ్, మాస్టారికి చెప్పు. నూట ఇరవై దాటకూడదు. పేర్లు రాసి నాకివ్వు" అన్నారు.

"అలాగే నాన్నా" అన్నాను.

అప్పటికి పుస్తకంలో నూట అరవైకి పైగా పేర్లున్నాయి. నాన్న సాధనకు ఎప్పుడూ రాలేదు, ఆయనకు కాళ్ళ సంగతి తెలియదు. మాస్టారు పెరట్లోకి రాలేదు, ఆయనకు నూట ఇరవై సంగతి తెలియదు. రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ మర్నాడు సాధనలో మాస్టారి దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి ఆయనే, "చూశావా ప్రమీలా, కింది స్వరం ఎంత నిండుగా వచ్చిందో! ఒక్క గొంతు తగ్గినా ఇంత రాదు" అన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. చివరొచ్చినవాళ్ళని తీసెయ్యమంటే మొదట పోయేది వినోదినే. చించిన చీర మళ్ళీ చీర కాదు. ఏమీ చెప్పకుండా వెనక్కి వచ్చేశాను. పుస్తకంలో మొదటి నూట ఇరవై పేర్లు మాత్రం ఒక తెల్లకాగితం మీద గుండ్రంగా ఎత్తిరాసి నాన్నకిచ్చాను. ఆయన పెన్సిల్‌తో ఒక్కో పేరూ లెక్కపెట్టి, కింద సంతకం చేసి ఫైల్లో పెట్టుకున్నారు.

కూటాలకు రెండు రోజుల ముందు వాన పడింది. మర్నాడు ఎండ పెటపెటలాడింది. ఆ ఎండలో మైదానానికి వెళ్ళి మొదటిసారి గ్యాలరీ ఎక్కాం. కొత్త చెక్క వాసన, తడిసిన నారతాళ్ళ వాసన. అప్పటికి మేం రెండువందలు దాటాం. భుజాలు ఒరుసుకుంటూ, పక్కకు తిరిగి నిలబడితే తప్ప పట్టలేదు. నేను మూడో మెట్టు మీద, వినోదిని అన్నిటికన్నా పైన. యెరికో పాట ఏడో చరణానికి వచ్చింది. మొదటి అడుగుకు చెక్క కొద్దిగా కిందికి దిగి లేచింది. రెండో అడుగుకు పక్కకు కదిలింది. మూడోదానికి అటు, నాలుగోదానికి ఇటు. పాటతో పాటే అదీ తాళం పట్టింది. ఎక్కడో కింద ఒక మేకు కుయ్యిమంది. మాస్టారు దూరంగా హార్మోనియం దగ్గర కళ్ళు మూసుకుని ఉన్నారు. దిగేటప్పుడు వినోదిని నా చెయ్యి పట్టుకుని, "ఊగుతోందే! ఉయ్యాల ఎక్కినట్టుంది" అని నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఇంటికెళ్ళేదాకా అరికాళ్ళలో ఆ ఊపు పోలేదు.

ఆ సాయంత్రం నాన్న రెండోసారి గొంతు సవరించుకుంటుండగా, "నాన్నా, గ్యాలరీ కాస్త ఊగింది" అన్నాను.

ఆయన ఆగి నా వంక చూశారు. "నూట ఇరవై మందేగా ఎక్కింది?"

అమ్మ స్టవ్ ఆర్పింది. గదంతా కిరసనాయిలు వాసన.

"అవును నాన్నా."

"కొత్త చెక్కలు, సర్దుకుంటాయిలే" అని మూడోసారి గొంతు సవరించుకున్నారు. ఆ రోజు ప్రార్థనలో గ్యాలరీ మీద నిలబడే పిల్లల్ని కాపాడమని దేవుణ్ణి పేరుపేరునా వేడుకున్నారు. నేనిచ్చిన కాగితంలోని పేర్లు కొన్ని ఆయనకు నోటికి వచ్చాయి. వినోదిని పేరు అందులో లేదు.

మొదటిరోజు సాయంత్రం మైదానం నిండిపోయింది. అంతమందిని నేను ఒక్కచోట చూడడం అదే మొదటిసారి. వేరుశెనక్కాయల బళ్ళు, మల్లెపూలు, దుమ్ము, అప్పుడే వెలిగిన ట్యూబులైట్ల చుట్టూ పురుగులు. పడమటి ఆకాశం ఇంకా ఎర్రగా ఉంది. నాన్న గేటు దగ్గర పెద్దల్ని ఆహ్వానిస్తున్నారు. మల్లయ్య మామ లుంగీ, బనీనుతో గ్యాలరీ వెనక నిలబడి ఉన్నాడు. మేం వరసగా మెట్లెక్కుతుంటే ఆయన పెదాలు కదులుతూ కనిపించాయి, లెక్కపెడుతున్నాడని అర్థమైంది. మధ్యలో లెక్క ఆపేసి చెయ్యెత్తి నన్ను పిలిచాడు. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను. ఆయన గేటు వైపు పరుగెత్తడం కనబడింది. తర్వాత తెలిసింది, దారిలో బ్యాడ్జీలు పెట్టుకున్న వాలంటీర్లు ఆయన్ని ఆపేశారట. "సార్‌తోని ఒక్క ముచ్చట జెప్పాలె" అంటే, "ప్రసంగం అయ్యాక చెబుదువుగానిలే, కూర్చో" అన్నారట.

మొదటి రెండు పాటలూ బాగా వచ్చాయి. మూడోది యెరికో. ఆరు చరణాలు నిలబడి పాడాం. ఏడోదానికి మాస్టారు చెయ్యి పైకెత్తారు. మొదటి అడుగు. జనం ఉలిక్కిపడి, మరుక్షణం కేరింతలు కొట్టారు. రెండు, మూడు. నాలుగో అడుగుకు చెక్క పైకి లేవలేదు. ఎడమవైపు, పైన, తాడు తెగినట్టు ఒక చప్పుడు. అటు తిరిగి చూసేసరికి పై మెట్టు మీది తెల్ల ఓణీలన్నీ ఒక్కసారి వెనక్కి వాలి కనబడకుండా పోయాయి. ఆ వెనకే ఆరో మెట్టు, అయిదోది. నేను ముందుకు పడ్డాను, మోచేతులు చీరుకుపోయాయి, అంతే. లేచి చూస్తే దుమ్ము. ఆ తర్వాత, మైదానం చివర ఉన్నవాళ్ళకు ఏం జరిగిందో కనబడక, అది కూడా పాటలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు. గోడలు కూలినట్టు భలే చేశారనుకున్నారట. చెక్కల కింద నుంచి అరుపులు మొదలయ్యాక కూడా ఆ చప్పట్లు చాలాసేపు ఆగలేదు. నేను ఎన్నో మరిచిపోయాను, ఆ చప్పట్లు మాత్రం మరిచిపోలేదు.

ప్రాణాలు పోలేదు. అందరూ దాన్నే దేవుని కృప అన్నారు. చేతులు విరిగినవాళ్ళు, తలలు పగిలినవాళ్ళు ముప్పైమందికి పైగా ఉన్నారు. వినోదిని ఎడమకాలు రెండు గుంజల మధ్య నలిగిపోయింది. మూడోరోజు పెద్దాసుపత్రిలో మోకాలి కిందికి తీసేశారు.

మల్లయ్య మామను ఆ సాయంత్రమే పోలీసులు తీసుకెళ్ళారు. మర్నాడు సంఘం పెద్దలు నలుగురు మా ఇంటికి వచ్చారు. అమ్మ కాఫీలిచ్చి వంటగదిలోకి వచ్చేసింది. తెర వెనక నేను.

"మేస్త్రి నాసిరకం పని చేశాడు బ్రదర్. అలాగే రాసిద్దాం. సంఘానికి మచ్చ రాకూడదు" అన్నారొకాయన.

"ఎక్కువమంది ఎక్కారని అంటున్నాడట కదా" అన్నారు నాన్న.

"తప్పించుకోవడానికి ఏదో ఒకటి అంటాడు. మీ దగ్గర జాబితా ఉంది, మీ సంతకం ఉంది. నూట ఇరవై. ఇంకేం కావాలి?"

వాళ్ళకు నిజం తెలియదని నేను ఇప్పటికీ అనుకోను. అంతమందిని కళ్ళతో చూసినవాళ్ళే వాళ్ళు. రత్నం మాస్టారు పిల్లల మంచాల మధ్య ఆసుపత్రిలోనే ఉండిపోయారు, ఆయన్ని ఎవరూ అడగలేదు. ఫైలు తెరిచిన చప్పుడు వినబడింది. కాగితం బయటికి తీశారు. నా గుండ్రని అక్షరాలు. అమ్మ నా మొహం చూసి, ఏమనుకుందో, పక్కకు జరిగి దారి ఇచ్చింది. తెర తీసుకుని వెళ్ళాను.

"నాన్నా, నూట ఇరవై కాదు. రెండువందలు దాటాం. నాకు తెలుసు. నేను మాస్టారికి చెప్పలేదు. మీకూ చెప్పలేదు."

నాన్న నన్ను కొట్టలేదు, అరవలేదు. కాగితం కేసి చూశారు, తర్వాత నా కేసి చూశారు. ఒక పెద్దాయన, "చిన్నపిల్ల, భయంతో ఏదో అంటోంది" అన్నారు. నాన్న లేచి, మేకుకు తగిలించిన చొక్కా తీసి తొడుక్కున్నారు. "పద" అన్నారు నాతో. "హాజరు పుస్తకం పట్టుకో." ఇంటి నుంచి పోలీస్ స్టేషన్ దాకా నడిచే వెళ్ళాం. ఎప్పుడూ నా పక్కన నడిచే మనిషి, ఆ రోజు నాలుగడుగులు ముందు నడిచారు.

స్టేషన్‌లో మల్లయ్య మామ గోడవార గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎస్సై ముందు నేను పుస్తకం తెరిచి పేర్లు చూపించాను. కాళ్ళు కొట్టిన సంగతీ చెప్పాను. నేను చెప్పడం అయ్యాక నాన్న, "సంతకం నాది. లెక్క చూసుకోవలసింది నేను. బాధ్యత నాది. ఈయన్ని పంపించండి" అన్నారు. నాలుగైదు రోజులు తిప్పించుకున్నాక కేసు లేదని మామను వదిలేశారు. నాన్న కార్యదర్శి పదవి వదిలేశారు. ఆ తర్వాత ఆయన్ని ఏ పనికీ ఎవరూ పిలవలేదు. ఏళ్ళ తరబడి మేం వెనక బెంచీలో కూర్చున్నాం.

వినోదినిని చూడడానికి వెళ్ళినప్పుడు అంతా చెప్పేశాను. తను పైకప్పు వంక చూస్తూ విన్నది. "నన్ను తీసేస్తావేమోనని రోజూ భయపడేదాన్ని. నువ్వు తీసెయ్యలేదని మా అమ్మకు చెప్పుకుని మురిసిపోయేదాన్ని" అంది. తర్వాత, "ఇంక రాకు ప్రమీలా" అంది. వెళ్ళలేదు. తను సంగీతం నేర్చుకుని, గుంటూరు వైపు ఒక బళ్ళో టీచరైందని చాలా ఏళ్ళకు విన్నాను. రత్నం మాస్టారు ఆ పాటను మళ్ళీ ఎవరికీ నేర్పలేదు.

ఇప్పటి పిల్లల పాటల్లో భక్తి తగ్గిందని మా వయసువాళ్ళు అంటుంటారు. నేననను. మాకు భక్తి ఎక్కువే ఉండేది, అయినా మేం చేసింది ఇదీ. ఇప్పుడు హాళ్ళలో తలుపు తలుపుకీ ఎర్ర బోర్డులుంటాయి, ఎంతమంది పడతారో గోడ మీద రాసి ఉంటుంది. నేను ముప్పైయేళ్ళు పాఠాలు చెప్పాను. వార్షికోత్సవాలకు పిల్లల్ని వేదిక ఎక్కించే ముందు వేదిక కట్టినవాళ్ళని వెతికి పట్టుకుని, ఎంతమందిని ఆపుతుందని అడిగేదాన్ని. తోటి టీచర్లు నవ్వేవారు. ఆ రోజుల్లో మేం అందరం అన్నీ దేవుణ్ణి అడిగాం, మేస్త్రిని మాత్రం అడగలేదు. నేనెందుకు అడగలేదన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

అది జరిగిన నెలకు మల్లయ్య మామ మా పెరట్లో మిగిలిన చెక్కలు తీసుకెళ్ళడానికి బండి తోలుకొచ్చాడు. మనిషి సగమయ్యాడు. ఆ మధ్య ఎవరూ ఆయనకు పని ఇవ్వలేదు. నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. "తప్పయింది మామా" అన్నాను. "ఎక్కువమంది ఉన్నారని చెబితే పిల్లల్ని తీసేస్తారని చెప్పలేదు."

ఆయన నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. నా మాట అర్థం కానట్టు చూశాడు.

"తీసేసుడెందుకు బిడ్డా? నాకొక్క మాట జెప్తే ఇంకో పది గుంజలు నాటుతుంటి. ఒక్క పొద్దు పని. అందరు పాడుతుండె."

కోపంగా అనలేదు. ఒక కొలత చెప్పినట్టు చెప్పాడు. తర్వాత వంగి, గోడకు ఆనించిన పెద్ద చెక్కను ఒక్కడే ఎత్తబోయాడు. నాన్న గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నారు. ఆఫీసుకు వేసుకున్న ఇస్త్రీ చొక్కాతోనే పెరట్లోకి దిగి, చెక్క రెండో కొస పట్టుకున్నారు. ఇద్దరూ దాన్ని బండి దాకా మోశారు. మళ్ళీ వచ్చారు. చెక్కలన్నీ అయ్యేదాకా మోస్తూనే ఉన్నారు.